కంకిపాడు ఆవకాయ, భవానీపురం సోడా

బెజవాడ నుంచి తిరిగొచ్చి వారమైంది. మా విజయనగరం స్టాఫ్‌రూములో అందరిదీ ఒకటే ప్రశ్న: ఏం చూశావు, ఏం తిన్నావు? చూసినదాని గురించి ఎంతసేపైనా చెప్పగలను. తిన్నదాని గురించి చెప్పాలంటేనే తల వంచుకోవాల్సి వస్తోంది. అయినా చెబుతాను. కృష్ణ ఒడ్డుకి ఎప్పుడూ వెళ్ళనివాళ్ళు మన వైపు చాలామంది ఉన్నారు కనుక, దారి కూడా కాస్త చూపిస్తూ చెబుతాను.

నేను ఆడపిల్లల కాలేజీలో ఆటల టీచర్ని. ఈ ఏడు యూనివర్సిటీ ఆడపిల్లల బాస్కెట్‌బాల్ జట్టుని కూర్చే పని నా నెత్తిన పడింది. జట్టంతా కుదిరింది, ఒక్క షూటింగ్ గార్డు తప్ప. ఆట తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. బుట్ట కింద పొడుగుపిల్లలు తోసుకుంటూ ఉంటే, దూరంగా కాచుకుని ఉండి, సందు దొరగ్గానే అక్కణ్ణుంచే బంతిని బుట్టలో వేసే పిల్ల షూటింగ్ గార్డు. ఆ చోటుకి బెజవాడ నుంచి ఇద్దరి పేర్లు వచ్చాయి, రాజ్యలక్ష్మి అనీ, సువార్త అనీ. ఇద్దరూ ఒకే కాలేజీ, ఇద్దరికీ డిగ్రీ ఆఖరి ఏడు. యూనివర్సిటీ జెర్సీ ఒక్కసారి ఒంటిమీద పడితే రైల్వేలోనో బ్యాంకులోనో ఆటల కోటాలో ఉద్యోగం దొరికే అవకాశం ఉంది. పోతే మళ్ళీ రాదు.

ఇద్దర్నీ పోల్చి చూసి, ఒకరిని విశాఖపట్నం క్యాంపుకి వెంటబెట్టుకు రమ్మన్నారు. పోల్చడంలో నన్ను మించినవాళ్ళు లేరని నాకో గర్వం. ఇంకో గర్వం కూడా ఉండేది. ఎంపిక తేలేదాకా ఆడే పిల్లల ఇళ్ళలో పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టనని కనిపించినవాళ్ళందరికీ చెప్పుకుంటూ తిరిగేదాన్ని.

బెజవాడ

శనివారం పొద్దున్నే దిగాను. మన స్టేషన్లో రైలొచ్చినప్పుడు జనం లేచి నిలబడతారు. అక్కడ అందరూ ఎప్పుడూ నిలబడే ఉన్నారు. బయట చిన్న హోటల్లో ఇడ్లీ అడిగితే, అడక్కుండానే దానిమీద కారప్పొడి గుమ్మరించి నెయ్యి పోశాడు. రెండో ముక్కకే నా కళ్ళల్లో నీళ్ళు.

"మీది ఇటువైపు కాదనుకుంటానండీ," అన్నాడు హోటలాయన.

"విజయనగరమండీ."

"అదీ సంగతి. మంచినీళ్ళు తాగండి. ఇదిగో, ఇంకో ఇడ్లీ వేస్తున్నా, చట్నీతో తినండి."

ఆ ఇడ్లీకి డబ్బు పుచ్చుకోలేదు. పెట్టడమంటే ఇక్కడివాళ్ళకి ఎంత పట్టింపో నాకు అప్పుడే తెలియాల్సింది.

కాలేజీ హాస్టల్లో గది ఇచ్చారు. మధ్యాహ్నం ఆట పెట్టించాను. మట్టి కోర్టు, చెక్క బోర్డు, వల లేని ఇనప రింగు. మనదీ అంతే, ఆ విషయంలో ఇద్దరం సమానమే.

రాజ్యలక్ష్మి పొడుగుపిల్ల. కాళ్ళు రెండూ కుదురుగా నిలిపి బంతిని నుదుటి మీదుగా ఎత్తి వదిలితే, అది పైపైకి వెళ్ళి నిదానంగా రింగు మధ్యలో దిగేది. ఆ చెయ్యి చూస్తుంటే కడుపు నిండిపోతుంది. ఏ మూల నుంచైనా గురి తప్పదు, ఎవరూ మీదికి రానంతసేపు. మీదికొస్తే చెయ్యి బిగుసుకుంటుంది. బంతి కొడుతూ ఎడమవైపు వెళ్ళడం అసలు రాదు.

సువార్త పొట్టి. కుదురుగా నిలబడి వేసే అలవాటే లేదు. పరిగెత్తుతూ పరిగెత్తుతూనే వదిలేస్తుంది, అదీ కిందుగా, రింగుకి జానెడు ఎత్తున పోయేట్టు. చూడ్డానికి ఏమంత అందంగా ఉండదు. ఇనుముకి తగిలి తిరిగొచ్చేవీ ఎక్కువే. కానీ ఎదుటిపిల్ల చేతుల్లోంచి బంతి లాక్కోవడం, తను వేయగలిగి కూడా ఖాళీగా ఉన్న తోటిపిల్లకి అందించడం, అవి నేను నేర్పితే వచ్చేవి కావు.

"ఎందుకమ్మా అంత కిందుగా వేస్తావు?" అని అడిగాను.

"మా ఇంటి దగ్గర గాలండీ. కృష్ణ మీంచి కొడుతుంది. పైకేస్తే పక్కింటి పెరట్లో పడుద్ది," అంది నవ్వుతూ. నేనూ నవ్వేశాను.

ఆ సాయంత్రానికి నా మనసు రాజ్యలక్ష్మి వైపు కొంచెం మొగ్గింది. అది ఆట చూసి మొగ్గిందే. అప్పటికి నేను ఎవరింటా ఏమీ తినలేదు.

పటమట

మగపిల్లల జట్టయితే ఎంపిక గ్రౌండులోనే అయిపోతుంది. ఆడపిల్లలకి సగం గ్రౌండులో, సగం వాళ్ళ ఇళ్ళల్లో. అన్ని రోజులు పరాయి ఊళ్ళో పిల్ల ఎక్కడుంటుంది, ఎవరితో ఉంటుంది అని పెద్దవాళ్ళు అడుగుతారు, మనం ఎదురుగా కూర్చుని జవాబు చెప్పాలి. అందుకే ఆ సాయంత్రం పటమటలో రాజ్యలక్ష్మి వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళ నాన్నగారు లారీలు తిప్పుతారు. ఇంటిముందు ఒక లారీ, లోపల బోలెడంత మర్యాద.

కాఫీ వచ్చింది. నా నియమం చెప్పాను.

"ఇదేం చోద్యమండీ! కాఫీకి కూడానా?" అంది వాళ్ళమ్మ.

"కాఫీకి కూడానండీ," అన్నాను, చాలా గొప్పగా.

ఆయన మాత్రం సంతోషించారు. "మీలాంటివాళ్ళు ఉండాలండీ. పిల్లని పంపడానికి నాదేముంది? కంకిపాడులో మా అమ్మ ఉంది. ఆవిడ ఊఁ అంటే నేను ఊఁ అన్నట్టే. రేపు ఒక్కసారి రండి."

హాస్టలుకి తిరిగొస్తూ ఆ మాట, మీలాంటివాళ్ళు ఉండాలండీ అన్న మాట, దారి పొడుగునా చప్పరించుకుంటూ వచ్చాను.

కంకిపాడు

ఆదివారం పొద్దున రాజ్యలక్ష్మీ, వాళ్ళమ్మా, నేనూ బందరు రోడ్డు మీద బస్సెక్కాం. పక్కనే కాలవ, కాలవ దాటితే కోతలైన చేలు, కుప్పలు. మన వైపు కొండ కనిపించకుండా చూపు సాగదు. అక్కడ చూపుకి అడ్డమే లేదు. బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దావిడ నా ఊరూ పేరూ, పిల్లలెందరూ అన్నీ అడిగి, దిగేముందు ఒడిలోంచి రెండు జామకాయలు తీసి నా చేతిలో పెట్టింది. నేను ఆవిడ పేరు కూడా అడగలేదు.

రాజ్యలక్ష్మి నాయనమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. కాఫీ కబురు ముందే చేరినట్టుంది, నన్ను చూడగానే మొదటి మాట, "నువ్వేనా అమ్మాయ్, మా వాళ్ళింట్లో కాఫీ తాగనన్నదానివి?"

"నియమమండీ..."

"నీ నియమం నీ దగ్గర పెట్టుకో. ఇది తిండి తినే ఇల్లు. ముందు విస్తట్లో కూచో, తర్వాత మాట్లాడదాం. తినకపోతే పిల్లా రాదు, ఏం రాదు."

ఏం చేయను? పిల్ల రావాలంటే తినాలి. అలా అని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. విస్తట్లో గారెలూ నాటుకోడి పులుసూ పడ్డాక నచ్చజెప్పుకోవాల్సిన అవసరం కూడా లేకపోయింది. తర్వాత గోంగూర, పచ్చి ఉల్లిపాయ, వేడన్నం, ఆఖర్న మీగడ పెరుగు. మారు వద్దంటే ఆవిడ చెయ్యి ఆగదు. మన పులుసుల్లో బెల్లం వేస్తామని తెలిసి, "బెల్లమా! పులుసులోనా! పాపం," అని నామీద జాలిపడి ఇంకో గారె వేసింది. నిజం చెబుతున్నాను, నేను ఈ మధ్య అంత తిన్నది లేదు.

చేతులు కడుక్కున్నాక ఆవిడే అడిగింది. "మా పిల్ల ఆట బాగుందా? బాగుంటేనే తీసుకుపో. మొహమాటానికి తీసుకుపోయి నలుగురిలో దాని పరువు తియ్యకు."

పెద్దావిడ న్యాయంగానే మాట్లాడింది. బయల్దేరేటప్పుడు మాత్రం ఒక సీసాడు ఆవకాయ, మూతికి గుడ్డ కట్టి, నా సంచీలో పెట్టేసింది. "నీక్కాదులే, నీ నియమం చెడదు. మీ అత్తగారికి." పుచ్చుకున్నాను.

భవానీపురం

సాయంత్రం పటమట దగ్గర వాళ్ళిద్దరూ దిగిపోయారు. వస్తానని సువార్తతో ముందే చెప్పి ఉంచాను కనుక, నేను అట్నుంచి అటే భవానీపురం వెళ్ళాను. కృష్ణ ఒడ్డు గాలి నిజంగానే చీర నిలవనివ్వలేదు. సువార్త వాళ్ళది చిన్న డాబా. పెరట్లో కర్రకి పాత బకెట్టు చట్రం ఒకటి మేకులు కొట్టి ఉంది, అదే రింగు. నాన్న రైల్వేలో, ఆ పూట డ్యూటీలో ఉన్నారు. వాళ్ళమ్మ మార్తమ్మ గారు ఎలిమెంటరీ బడిలో టీచరు. నాలాగే రోజూ పిల్లలమీద అరిచి అరిచి గొంతు బొంగురుపోయిన మనిషి. చూడగానే నచ్చారు.

బల్లమీద తెల్లటి గుడ్డ, దాని అంచున చేత్తో అల్లిన పువ్వులు. గుడ్డమీద మూతపెట్టిన గిన్నెలు, బోర్లించిన కంచాలు. చర్చి నుంచి వచ్చి నాకోసం కోడికూర వండారట.

"కాళ్ళు కడుక్కుని రండి మేడం, అన్నం తిందురు గాని. అది మధ్యాహ్నం నుంచీ తినకుండా కూచుంది, మీతో తింటానని," అన్నారు మార్తమ్మ గారు. అది అంటే సువార్త.

నా కడుపులో కంకిపాడు గారెలు గొంతుదాకా ఉన్నాయి. ఆ మాటే చెప్పొచ్చు. చెబితే నియమం తప్పానని బయటపడుతుంది. నిన్న పటమటలో దొరికిన మెప్పు ఇక్కడా కావాలనిపించింది. సంచీ బల్లమీద పెట్టి, పెద్దమనిషి తరహాగా అన్నాను, "ఏమీ అనుకోకండి. ఎంపిక తేలేదాకా ఆడే పిల్లల ఇళ్ళలో నేను పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టనండీ."

"అలాగాండీ," అన్నారావిడ. నాకోసం పోసిన మంచినీళ్ళ గ్లాసు మెల్లిగా తనవైపు జరుపుకున్నారు.

అప్పుడు సువార్త అంది, "మేడం, మీ సంచీ..."

సంచీ అడుగునుంచి ఎర్రటి నూనె తెల్లగుడ్డ మీదికి పాకుతోంది. ఆవపిండి వాసన గదంతా కమ్మింది. సీసా మూత ఎప్పుడు వదులైందో తెలియదు. నేను లేచి నా చేతిరుమాలుతో తుడవబోతే ఇంకాస్త పరుచుకుంది. "పర్లేదండీ, ఉండండి," అని మార్తమ్మ గారు సీసా బయటికి తీసి, కడిగి, మూత బిగించి, నా పక్కన పెట్టారు.

"మిమ్మల్ని కంకిపాడు తీసుకెళ్తారని నిన్న గ్రౌండులోనే రాజ్యం చెప్పిందండీ," అంది సువార్త.

అప్పుడు మార్తమ్మ గారు కూతురితో, "కొట్టుకెళ్ళి ఒక సోడా పట్రా," అన్నారు. నాతో, నన్నే ఓదారుస్తున్నట్టు, "సోడా అయితే తాగుతారు కదండీ. బయటిదే. కొట్టకుండా తెస్తుంది, గోలీ మీరే నొక్కుకోండి."

నాకు అప్పుడు అర్థమైంది, ఆవిడ నా మాటని ఎలా అర్థం చేసుకున్నారో. మా చిన్నప్పుడు విజయనగరంలో మిషన్ ఆస్పత్రి నర్సమ్మ గారొకరు ఉండేవారు. వాళ్ళింటికి ఎప్పుడు వెళ్ళినా మాకు సోడాలు ఇప్పించేది. ఎంత మంచిదో అనుకునేవాళ్ళం. ఆవిడ మా ఇంటికొస్తే మా అమ్మ పెరటి గూట్లో వేరుగా ఉంచిన గ్లాసు తీసేది. ఆ గ్లాసుకీ ఆ సోడాకీ ఉన్న సంబంధం నాకు ఇన్నేళ్ళూ తట్టలేదు. భవానీపురంలో ఆ బల్ల ముందు కూర్చుంటే తట్టింది.

సోడా వద్దండీ, ఒక ముద్ద అన్నం పెట్టండి అనాలి. అంతే అనాలి. సువార్త ఒక పళ్ళెంలో సీసా పెట్టి తెచ్చింది, నా వేళ్ళు తగలకుండా. కళ్ళు నేలమీదే ఉన్నాయి. నేను గోలీ నొక్కి, ఆ సోడా అంతా తాగాను. తాగి, "చాలా బాగుందండీ," అని కూడా అన్నాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నన్ను నేను రెండు లెంపకాయలు కొట్టుకోవాలనిపిస్తుంది.

పిల్లని పంపుతారా అని అడిగితే, "రేపు ఆట చూడండి మేడం, తర్వాత మాట్లాడుకుందాం," అన్నారు. హాస్టలుకొచ్చి పడుకున్నాను గానీ, కళ్ళు మూస్తే ఆ తెల్లగుడ్డే.

గ్రౌండు, బడి

సోమవారం పొద్దున మళ్ళీ ఆడించాను. ఆరోజు గాలి ఎక్కువ. రాజ్యలక్ష్మి వేసినవి పైకెళ్ళాక పక్కకి జరిగిపోతున్నాయి. గాలి ఆగినప్పుడు మళ్ళీ అవే బంతులు అంత అందంగానూ పడుతున్నాయి. సువార్తవి గాలికి అందకుండా దూసుకుపోయాయి. నేను మొదటిరోజు తప్పుబట్టిన ఆ కిందుగా వేసే తీరే ఆరోజు నిలబడింది. పైగా రెండుసార్లు తను వేయాల్సినవి రాజ్యానికి ఇచ్చి వేయించింది. ఆట అయ్యాక ఇద్దరి ముందూ సువార్త పేరు చెప్పాను.

చెప్పిన మరుక్షణం నుంచే నాకు అనుమానం. నిన్న కంకిపాడులో తినకుండా ఉంటే, భవానీపురంలో తిని ఉంటే, ఇవాళ ఇదే పేరు చెప్పేదాన్నా? ఎంత తరచి చూసుకున్నా తేలలేదు.

"మా అమ్మనడగండి మేడం," అంది సువార్త. సంతోషం కనిపించలేదు. మధ్యాహ్నం అన్నాల వేళకి ఇద్దరం మార్తమ్మ గారి బడికి వెళ్ళాం. సువార్త వరండాలో ఆగిపోయింది, చేతిలో బంతితో.

మార్తమ్మ గారు విని, ఒకటే అడిగారు. "అక్కడ మా పిల్ల ఎవరితో కలిసి తింటుందండీ?"

"నాతోనండీ."

ఆవిడ నావైపు చూశారు. తర్వాత క్యారియర్ విప్పి, అన్నం రెండు భాగాలు చేసి, ఒకటి మూతలో పెట్టి నా ముందుకి జరిపారు. "నిన్నటి కూరేనండీ. పొద్దున మళ్ళీ కాచాను."

తిన్నాను. తోటి టీచర్లు చూస్తుండగానే తిన్నాను. వాళ్ళు చూడాలనే తిన్నానేమో కూడా, నా బుద్ధి నాకు తెలుసు. కూర చాలా బాగుంది. ఈసారి ఆ మాట నోట రాలేదు.

మూత కడిగి ఇస్తుంటే ఆవిడ అన్నారు, "నిన్న కడుపు నిండుగా ఉందని అనుంటే సరిపోయేది కదండీ. నవ్వుకునేవాళ్ళం. కంకిపాడు వెళ్ళినవాళ్ళు ఖాళీ కడుపుతో వస్తారా ఎవరైనా?"

"తప్పయిపోయిందండీ," అన్నాను.

"సరేలెండి. నేనైతే అడ్డు చెప్పను. దాని ఇష్టం."

వరండాలోకొచ్చి సువార్తతో చెప్పాను, మీ అమ్మ ఒప్పుకున్నారని. ఆ పిల్ల బంతిని చంకన పెట్టుకుని సూటిగా అడిగింది.

"ఒకటి చెప్పండి మేడం. చెబితే వస్తాను. మీరు నన్ను పిలుస్తోంది నా ఆట చూసా, లేకపోతే నిన్నటి సోడా గురించా?"

ఆట చూసే అనాలి. నోరు తెరిచాను, మాట రాలేదు. రెప్పపాటు ఆలస్యం, అంతకన్నా లేదు. కానీ అది గార్డు పిల్ల. ఎదుటివాళ్ళు ఎక్కడ తడబడతారా అని చూడటమే దాని పని.

"రాజ్యాన్ని తీసుకెళ్ళండి," అంది. కోపంగా కాదు. "మూలల్లోంచి దానికి తిరుగులేదండీ. ఎడమవైపు ఎవరినైనా సాయం పెట్టండి, చాలు."

"నీ ఉద్యోగం సంగతి ఆలోచించు తల్లీ."

"పరీక్షలు రాస్తానండీ. మీరు నా మీద జాలిపడ్డారని ఆ జెర్సీ చూసినప్పుడల్లా అనుకోలేను."

ఆట చూసే పిలిచానమ్మా అని అప్పుడన్నాను, ఒకసారి కాదు, మూడు నాలుగుసార్లు. "అలాగేనండీ," అంది వాళ్ళమ్మలాగే. పిల్లలు అన్నాలు తిని గ్రౌండులోకి పరిగెత్తుకొస్తుంటే, బంతి వాళ్ళలోకి విసిరి తనూ వెళ్ళిపోయింది.

తిరుగు రైలు

ఆ సాయంత్రమే రాజ్యలక్ష్మితో రైలెక్కాను. వాళ్ళ నాన్నగారు ప్లాట్‌ఫారం మీద నాకు దణ్ణం పెట్టి, "మా అమ్మాయి అదృష్టమండీ," అన్నారు. ఆయన ముఖంలోకి చూడలేకపోయాను. ఆ పిల్ల తప్పేమీ లేదు. మంచి ఆటే. ఇంకొకరు వద్దన్న చోటని తెలిసినా, తెలియనట్టు తలదించుకుని కూర్చుంది.

ఏలూరు దాటాక నాకు జవాబు దొరికింది. విశాఖపట్నంలో మేం ఆడబోయే కోర్టు సముద్రం ఒడ్డున ఉంది. అక్కడి గాలి ముందు కృష్ణ గాలి ఎంత? ఆ కోర్టుకి కావలసింది కిందుగా వేసే చెయ్యి. ఏ ఇంట్లో ఏమీ తినకపోయినా, ఏ సోడా తాగకపోయినా, ఆ గాలిలో నేను చెప్పాల్సిన పేరు సువార్తే. ఆట చూసే పిలిచాను. ఇప్పుడు నిక్కచ్చిగా తెలుసు. అడిగిన పిల్ల మాత్రం భవానీపురంలో ఉంది.

చీకటిపడ్డాక రాజ్యలక్ష్మి వాళ్ళమ్మ కట్టిచ్చిన డబ్బా తీసింది. పులిహోర, దానిమీద అప్పడాలు. ఒక ఆకులో పెట్టి నాకు అందించింది. "తినండి మేడం."

"కడుపు నిండుగా ఉందమ్మా, తర్వాత తింటాను," అన్నాను. మార్తమ్మ గారి అన్నం ఇంకా కడుపులోనే ఉంది.

ఆ పిల్ల ఏమీ అనుకోలేదు. "అలాగే మేడం," అని ఆకు మడిచి డబ్బాలో పెట్టి, మూత వేసి, కిటికీ వైపు తిరిగి కూర్చుంది.